వైర్ల సుంకన్న, రెండు గీతల పిన్ను

వైర్ల సుంకన్న చనిపోయాడు. ఉరవకొండలో ఈ సంగతి అందరికంటే ముందు తెలియాల్సింది నాకు. ఆయనకు అందరికంటే దగ్గరగా ఉన్నది నేనే. అయినా ఆయన పోయిన తర్వాత బహుశా ఓ పది నిమిషాల సేపు ఆయనతో పరాచికాలాడుతూ ఉండిపోయాను.

మా రెండు అంగళ్ల మధ్య ఉన్నది రేకు గోడ. ఇటు నా టెంట్ హౌస్, అటు ఆయన మైకుసెట్టు, వైర్ల అంగడి. గోడకు అటొకరూ ఇటొకరూ పని చేసుకుంటూ ఆ రేకు మీద తట్టి మాట్లాడుకోవడం ఇరవై ఏళ్ల అలవాటు. ఆ పొద్దున షామియానా గుడ్డలు మడత పెడుతూ, "ఏమన్నా, కొత్త పెండ్లికొడుకు మాదిరి పలకవేమి?" అన్నాను. పలకలేదు. "అక్క ఏమన్నా అనినాదా?" అన్నాను. పలకలేదు. "సరేలే, అలిగినట్లుండావు. టీ నేనే చెప్తా" అన్నాను. టీ వచ్చింది. రెండు గ్లాసులూ పట్టుకొని అటు వెళ్లాను. ఆయన బల్ల ముందు కూర్చునే ఉన్నాడు. గడ్డం ఎద మీదికి వాలి ఉంది. సోల్డరింగ్ ఐరన్ ఇంకా వేడిగానే ఉంది. ముందు ఒక వైరు, దానికి సగం అతికిన పిన్ను. గుండె ఆగిందని తర్వాత డాక్టరు చెప్పాడు. నేను గోడకు ఇటు నుంచి అన్న మాటల్లో ఎన్ని ఆయన చెవికి అందాయో, ఎన్ని రేకు దగ్గరే ఆగిపోయాయో నాకు ఎప్పటికీ తెలియదు.

మాట అవతలికి పోయిందా, పోలేదా అన్నదే ఆయన చివరి ఆరేళ్ల బతుకు. అదే నన్ను వెతుక్కుంటూ వచ్చి నా నెత్తిన కూర్చుంది.

మా మైకుసెట్ల, టెంట్ల వాళ్ల సంఘం మాసికానికి చిన్న పుస్తకం వేస్తామని, నన్ను రాయమని అడిగింది. నేను ఏడో తరగతి సగంలో బడి వదిలినవాణ్ని. కీర్తిశేషులు, దివంగతులు, తీరని లోటు, ఈ మాటలన్నీ నేను బ్యానర్లు కట్టేటప్పుడు చదివినవే గానీ చేత్తో రాసినవి కావు. ఇంకో మాట. ఆయన పేరు చివర గారు పెట్టను. బతికుండగా ఏనాడూ అలా పిలవలేదు. ఇప్పుడు పిలిస్తే వేరే ఎవరినో పిలుస్తున్నానని వెనక్కి తిరిగి చూస్తాడు.

బక్కమనిషి. కళ్లజోడు కాడ విరిగితే సన్నటి రాగి తీగతో కట్టుకొని తొమ్మిదేళ్లు వాడాడు. అంగడి గోడ నిండా మేకులు, మేకుల నిండా వైర్లు. తెలియనివాడికి అది పాముల పుట్ట. ఆయనకు మాత్రం దేవుడి పటాల గోడ. శబ్దం ఆయనకు వ్యాపారం కాదు, ఉపాసన. ఈ వాక్యం నేనే రాశాను, బ్యానరు మీద చూసింది కాదు.

ఒకసారి పామిడిలో పెళ్లి. మైకు వైరు పొడవు చాలలేదని ఎవరో స్పీకరు వైరు ముక్క అతికించారు. అయ్యవారు మంత్రం మొదలుపెట్టగానే స్పీకరు పెట్టెల్లోంచి కందిరీగల గుంపు లేచినట్టు గుయ్‌మని మోత. పిల్ల తండ్రి కంగారుపడి మైకు తట్టాడు, మోత ఇంకా పెరిగింది. సుంకన్న పోయి ఆ అతుకు పట్టుకొని, "అప్పా, మైకు వైరులో పోయేది ఊపిరంత. పక్కన కరెంటు వైరు పోతే దాని గాలి గూడా తగులుతాది. అందుకే దీనికి లోపల రాగి అల్లిక చుట్టింటారు, గోషా కప్పినట్ల. స్పీకరు వైరుకు గోషా ఉండదు. దానిలో పోయేది బలం. దానికి లావు రాగి కావల్ల, అంతే" అన్నాడు. అయ్యవారు మంత్రం ఆపి ఇదంతా శ్రద్ధగా విన్నాడు. ముహూర్తం కొంచెం జరిగింది గానీ, ఆ పెళ్లికి వచ్చినవాళ్లు ఇప్పటికీ మైకు వైరుకూ స్పీకరు వైరుకూ తేడా చెప్పగలరు. పెళ్లికొడుకు పేరు అడిగితే చెప్పలేరు.

ఆ రాగి అల్లిక విప్పి పిన్నుకు అతికించడం మహా చిరాకు పని. ఒక్క పోగు తెగి పక్కదానికి తగిలితే అంతా వృథా. ఆ పని ఓబులమ్మక్క చేసేది. ఆమె సుంకన్న భార్య, ధర్మవరం మగ్గాల ఇంటి ఆడపడుచు. పట్టు పోగులు విడదీసిన వేళ్లు ఆమెవి. సూదిమొనతో అల్లికను దువ్వి, జడలాగా ఒక పక్కకు తిప్పి ఇచ్చేది. "మా ఆయప్పకు జరీ చీర తెమ్మంటే రాగి చీర తెచ్చిస్తాడు" అని నాతో అనేది. ఆయన తలెత్తకుండా, "కట్టుకో, నీకూ గోషా అయితాది" అనేవాడు.

దూరం గురించి కూడా ఆయనకొక పట్టింపు ఉండేది. బొమ్మా మాటా రెండూ ఒకే దాంట్లో పోయే వైరు ఉంది కదా, కొత్త టీవీలన్నిటికీ పెట్టేది, అది పది మీటర్లు దాటితే ఆయన నమ్మేవాడు కాదు. మడకశిర నుంచి వచ్చిన ఒక కల్యాణమండపం యజమాని ముప్పై మీటర్లది కావాలని, అదీ పిన్నుకు బంగారు పూత ఉన్నది కావాలని పట్టుబట్టాడు. కన్నడం కలిపి గట్టిగా మాట్లాడే మనిషి. సుంకన్న ఆయనను కూర్చోబెట్టి, "స్వామీ, మనిషి ముప్పై మైళ్లు నడిస్తే అలుపు వస్తాది గదా. చెప్పులకు బంగారం పూసినా అలుపు అలుపే. మధ్యలో బలమిచ్చే పెట్టె ఒకటి పెట్టల్ల" అన్నాడు. ఆయన వినలేదు. వేరేచోట బంగారు పిన్నే కొన్నాడు. పెళ్లిలో తెర మీద పెళ్లికూతురు వచ్చేది, పోయేది, వచ్చేది, పోయేది. అప్పగింతలు ముందే మొదలైనాయేమో అనుకున్నారు జనం.

ఇక ఆయన ప్రశ్న. ఆయనను ఎరిగినవాళ్లందరికీ అది తెలుసు. ఎవరు వచ్చి ఏ వైరు అడిగినా, "ఏంటికి?" అనేవాడు.

"టీవీకన్నా."

"టీవీకి బొమ్మ పోవల్లనా, మాట పోవల్లనా, రెండూ పోవల్లనా?"

"రెండూ."

"యాడనుంచి యాడికి? ఎంత దూరం? మధ్యలో కరెంటు వైరు ఉండాదా?"

"వైరు కొనేకొచ్చినానా, పోలీసు స్టేషనుకొచ్చినానా?" అని విసుక్కునేవాళ్లు ఉండేవారు. నేను గోడ అవతలి నుంచి, "జామీను తెచ్చుకున్నావా అప్పా?" అని ఎగదోసేవాణ్ని. ఆయన నవ్వేవాడు కాదు. జవాబులన్నీ విన్నాకే మేకు దగ్గరికి చెయ్యి పోయేది.

మొదట్లో ఆయన ఇలా అడిగేవాడు కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక్కి చెయ్యి చాచి, చూడకుండానే తీసి ఇచ్చేవాడు. ఆ అలవాటు ఒక్క రోజుతో పోయింది. ఆ రోజు సంగతి సంఘంలో కొందరికి సగం తెలుసు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఆరేళ్ల కింద, వరుసగా రెండో ఏడు వాన లేదు. శనక్కాయ చేలు పూత పట్టకుండానే మాడిపోయాయి. ఒక ఆఫీసులో, పేరు వద్దు, వీడియో సమావేశం పెట్టారు. ఊళ్ల నుంచి వచ్చిన రైతులు, గొర్రెలకాపరులు మైకులో మాట్లాడితే ఎక్కడో దూరాన కూర్చున్న పెద్దసారు తెర మీద కనపడి వింటాడు. ఆఫీసు కంప్యూటరులో సొంత మైకు చెడిపోయి ఉండడంతో సుంకన్నను పిలిచారు. బయట నీడకు షామియానా నాది.

దీనికి ఒక వైరు కావాలి. ఒక కొసన కంప్యూటరుకు గుచ్చే చిన్న పిన్ను, ఇంకో కొసన మన ఆంప్లిఫయరుకు గుచ్చే రెండు తోకలు. ఇలాంటివి రెండు రకాలు. చూడ్డానికి కవలలు. తేడా ఆ చిన్న పిన్ను మీదే. ఒకదానికి రెండు నల్ల గీతలు, ఇంకోదానికి మూడు. రెండు గీతలది వినడానికి మాత్రమే. మూడు గీతలదైతే వినొచ్చు, మాట్లాడొచ్చు. మీ చెవుల్లో పెట్టుకునేది తీసి చూసుకోండి, మీకే కనపడుతుంది.

ఆ రోజు మా దగ్గర ఉన్నది రెండు గీతలది.

హాల్లో ఎవరికీ తెలియలేదు. పెద్దసారు గొంతు మా పెట్టెల్లో గణగణమని వినపడింది. మైకులో మాట్లాడినవాళ్ల గొంతు కూడా అవే పెట్టెల్లో వినపడింది. ఇంకేం కావాలి? ముత్యాలప్ప లేచాడు. అరవై గొర్రెల కాపరి, మైకు పట్టుకోవడం బతుకులో అదే మొదటిసారి. మేత లేదని, ఊరి తొట్టిలో నీళ్లు లేవని, ఈ నెల దాటితే జీవాలు నిలబడవని, అమ్ముకోమంటే అమ్ముకుంటామని, మేత పంపిస్తామంటే పెట్టుకుంటామని, ఏదో ఒకటి ఇప్పుడే చెప్పమని అడిగాడు. హాలంతా విన్నది. తెర మీద సారు తల ఊపాడు. ఊపి, "నోట్ చేసుకున్నాం" అన్నాడు.

ముత్యాలప్ప మధ్యలో ఉండగానే గుమాస్తా ఫోను మోగింది. అవతలివాళ్లు బొమ్మ వస్తోంది, మాట రావడం లేదని చెప్పారు. గుమాస్తా వచ్చి సుంకన్న చెవిలో ఊదాడు. సుంకన్న వంగి పిన్ను చూశాడు. రెండు గీతలు. సంచిలో ఇంకోటి లేదు. లేచి చెప్పబోతే గుమాస్తా చెయ్యి పట్టుకొని, "ఆపొద్దప్పా, రెండు నిమిషాల్లో సారు తెర మీద వేరే ఊరోళ్లకు మారిపోతాడు. పోనీ" అన్నాడు. సుంకన్న మళ్లీ కూర్చున్నాడు.

ముత్యాలప్ప బయటికి వచ్చి నా షామియానా కింద నిలబడి, "సారు తల ఊపినాడప్పా. చూసినావా? మూడు మాట్లు ఊపినాడు" అన్నాడు. నాకేమీ తెలియదు. "ఏమప్పా, ఇంగ నీ గొర్రెలకు మేత బస్సులో వస్తాది" అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వాడు. నమ్మాడు.

తరువాత రెండు నెలలు ముత్యాలప్ప ఒక్క గొర్రెను కూడా అమ్మలేదు. ఊరివాళ్లు అమ్మమన్నారు, తల ఊపిన సంగతి చెప్పి వినలేదు. బజారుకు వచ్చినప్పుడల్లా సుంకన్న అంగడి ముందు ఆగేవాడు. "ఇంగా రాలేదు. దావలో ఉంటాది" అనేవాడు. సుంకన్న టీ ఇప్పించేవాడు. ముత్యాలప్ప వెళ్లాక ఆ గ్లాసు కడగకుండా చాలాసేపు చేతిలో పట్టుకొని కూర్చునేవాడు. నేను గోడ తట్టి, "గ్లాసుకేమన్నా గీతలుండాయేమి చూస్తాండావు?" అన్నాను ఒకసారి. మాట నోట్లో ఏది వస్తే అది అనేవాణ్ని. ఆ మాట ఎక్కడ తగిలిందో అప్పుడు నాకు తెలియదు.

మూడో నెలలో ఒకరోజు సుంకన్న నాతో, "రామాంజీ, మోపెడ్ తీయప్పా" అన్నాడు. దారిలో, ఎండలో, వెనక కూర్చొని నా వీపుకు చెప్పాడు అంతా. నేను బండి ఆపాను. ఎందుకంటే సమావేశం నాటి పొద్దున ఆయన ఆఫీసు కిటికీకి స్పీకరు పెట్టె కడుతూ ఉంటే, ఆ వైరు అంగడి మేకు మీద నుంచి తీసుకొని వచ్చింది నేను. తెచ్చి కంప్యూటరుకు గుచ్చింది కూడా నేను. గీతలు చూడాలని నాకు తెలుసు. చూడలేదు. ఎవరితోనో జోకులేస్తూ గుచ్చాను.

ఆ సంగతి ఆయన ఎత్తలేదు. "పద" అన్నాడు.

ముత్యాలప్ప గొర్రెల దొడ్డి దగ్గరికి పోయేసరికి వాసన ముందు ఎదురొచ్చింది. పన్నెండో, పదమూడో మిగిలి ఉన్నాయి. నిలబడలేక దడికి ఆనుకొని ఉన్నాయి. సుంకన్న చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ముత్యాలప్పా, ఆ పొద్దు నీ మాట పోలేదు. బొమ్మే పోయినాది. నేను తెచ్చిన వైరు తప్పు. తెలిసి గూడా నేను ఆపలేదు."

ముత్యాలప్పకు అర్థం కాలేదు. "పోలేదంటే? సారు తల ఊపినాడు గదా."

"నీ నోరు కదిలేది చూసి ఊపినాడు."

"నేను చెప్పింది ఒక్క మాట గూడా?"

"ఒక్క మాట గూడా."

ఆయన తిట్టలేదు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. దొడ్డి వైపు తిరిగి, "రెండు నెల్లు దినామూ నేను వీటికి చెప్పినానప్పా, మేత వస్తాదని" అన్నాడు. అంతే. తర్వాత లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి సుంకన్నకు ఇచ్చాడు. ఆ ఊళ్లో ఆ నెల నీళ్లు ఎట్లా ఉండేవో నాకు తెలుసు. సుంకన్న ఆ చెంబు తీసుకోలేక, వద్దనలేక, రెండు చేతులతో పట్టుకొని నిలబడిపోయాడు.

నేను పక్కనే ఉన్నాను. "వైరు తెచ్చింది నేను" అనడానికి నాకు నోరు రాలేదు. ప్రతిదానికీ ఏదో ఒకటి అనే నోరు.

తిరుగుదారిలో అడిగాను. "నేను తెచ్చినానని ఏల చెప్పల్యా?"

"ఎవరు తెచ్చినా చూడాల్సింది నేను" అన్నాడు. ఇంకెప్పుడూ మా మధ్య ఆ మాట రాలేదు.

ముత్యాలప్ప మిగిలిన జీవాలను వదిలించుకొని బెంగళూరు పోయాడు. ఒక పెద్ద అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా. ఇక్కడ సుంకన్న మేకుల మీది వైర్లన్నీ దించాడు. ఓబులమ్మక్క పట్టు దారం తెచ్చింది. మాట మోసుకుపోయే ప్రతి వైరుకూ ఎర్ర దారం, వినడానికి మాత్రమే పనికొచ్చేదానికి తెల్ల దారం, పిన్ను మొదట్లో మూడు చుట్లు చుట్టి ముడివేశారు. మొగుడూపెళ్లాం పది రోజులు ఆ పనే చేశారు. అప్పటి నుంచి ఆ ప్రశ్న, ఏంటికి అని.

ఇంకొకటి కూడా మొదలైంది. ఏ సభకు సెట్టు పెట్టినా, అంతా అమర్చాక ఆయన నడుచుకుంటూ పోయి చిట్టచివరి వరుసలో కుర్చీ వేసుకొని కూర్చునేవాడు. మైకు దగ్గర నన్ను నిలబెట్టి మెల్లగా ఏదన్నా చెప్పమనేవాడు. గట్టిగా చెబితే ఒప్పుకోడు. "అరిస్తే వైరు లేకున్నా వినబడతాది. ఊపిరంత చెప్పు" అనేవాడు. నేను ఆయన మీదే ఏదో ఒక కూత కూసేవాణ్ని. వినపడితే చివరి నుంచి చెయ్యి పైకెత్తేవాడు. ఆ చెయ్యి లేచేదాకా సభ మొదలయ్యేది కాదు, వచ్చినవాడు ఎంత పెద్దవాడైనా సరే.

పదకొండో నాడు సంస్మరణ సభ నా షామియానా కిందే జరిగింది. సెట్టు ఆయనదే. నేను అమర్చాను. ముత్యాలప్ప వస్తాడని ఎవరూ అనుకోలేదు. బెంగళూరు బస్సు దిగి, కాపలా చొక్కాతోనే వచ్చాడు. పటానికి దండం పెట్టి పక్కకు పోబోతే ఎవరో మైకు చేతికిచ్చారు. ఆయన దాన్ని ఆరేళ్ల కింద పట్టుకున్నట్టే రెండు చేతులతో పట్టుకున్నాడు. నా వైపు చూశాడు.

"పోతాందా?" అన్నాడు.

"పోతాందన్నా" అన్నాను.

"చూసి చెప్పప్పా."

వంగాను. మైకు వైరు కొసన ఎర్ర పట్టు దారం, మూడు చుట్లు. లేచి ఆయన దగ్గరగా జరిగి, ఆయనకు మాత్రమే వినపడేంత మెల్లగా చెప్పాను. "అన్నా, ఆ పొద్దు రెండు గీతల వైరు తెచ్చింది నేను. గుచ్చింది నేను. సుంకన్న కాదు."

ఆయన చేతిలో మైకు ఉందన్న సంగతి నాకు తట్టలేదు. ఆ వైరు సుంకన్న అతికించింది, అల్లిక ఓబులమ్మక్క దువ్వింది. ఊపిరంత మాటను కూడా పోగు పోకుండా మోసుకుపోతుంది. నా గొంతు నాలుగు పెట్టెల్లోంచి నాకే ఎదురొచ్చింది.

ముత్యాలప్ప నన్ను చూడలేదు. నా తల మీదుగా వెనక్కి చూస్తున్నాడు. నేనూ తిరిగాను. చిట్టచివరి వరుసలో, సుంకన్న కూర్చునే చోట, ఓబులమ్మక్క ఒక్కతే కూర్చుని ఉంది. మెల్లగా కుడి చెయ్యి పైకెత్తింది.

"వినబడినాదంటప్పా" అన్నాడు ముత్యాలప్ప మైకులో. మైకు నా చేతికిచ్చి, పోయి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు.

సభ అయ్యాక వైర్లు చుట్టాను. మోచేతికి తాడులాగా చుడితే లోపల రాగి విరుగుతుందని తిట్టేవాడు, అందుకని ఆయన నేర్పినట్టే వదులుగా చుట్టి మేకులకు తగిలించాను. ఆ సగం అతికిన పిన్ను ఇంకా బల్ల మీదే ఉంది. దానికి ఏ రంగు దారం కట్టాలో ఎవరికీ తెలియదు. అది ఏంటికో ఆయనే చెప్పాలి.